ఎవరికైనా అమ్ముకోవచ్చు సరే, ‘ఇవ్వను’ అనగలిగే స్వేచ్ఛ ఎక్కడి నుంచి వస్తుంది?

పర్చూరు కుర్రాడు:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా లోపల నలుగుతున్న విషయం ఇది, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది పర్చూరు దగ్గర పల్లె. నేను విజయవాడ గురునానక్ కాలనీలో ఉంటూ ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. డిగ్రీ చదివే రోజుల నుంచీ నాది ఒకటే వాదన, ఎవరికి నచ్చింది వాళ్ళు పండించుకోవాలి, నచ్చిన చోట అమ్ముకోవాలి, మధ్యలో బోర్డెందుకు, మార్కెట్ యార్డెందుకు, సంఘమెందుకు అని. 2020లో సాగు చట్టాలు వచ్చినప్పుడు నాన్నతో రాత్రి పన్నెండింటి దాకా వాదించాను. యార్డు బయట ఎవరికైనా అమ్ముకోవచ్చు, సెస్సు కూడా ఉండదు, రైతుకు ఇంతకన్నా ఏం కావాలి అన్నాను. నాన్న "కొనేవాడు రావాలి గదరా" అని పక్కకు తిరిగి పడుకున్నాడు. 2021 నవంబరులో ఆ చట్టాలు రద్దయ్యాయి, మా ఇంట్లో వాదన కూడా అక్కడితో ఆగింది.

2025లో మాకు నాలుగెకరాల నల్లబర్లీ పొగాకు, రెండెకరాల మిర్చి. అందులో మూడెకరాలు కౌలు. అంతకుముందు ఏడాది బర్లీకి మంచి రేటు పలికింది. కొనేవాళ్ళ మనుషులు ఊళ్ళోకి వచ్చి "వేయండి, మేం తీసుకుంటాం" అన్నారు, అంతా నోటిమాటే, కాగితం ముక్క లేదు. వర్జీనియా రకం పొగాకుకు ఉన్నట్టు బర్లీకి పొగాకు బోర్డు కట్టడి లేదు, ఎవరు ఎంత వేసినా అడిగేవాళ్ళు లేరు. నేను కోరుకున్న స్వేచ్ఛ అచ్చంగా అదే. ఊరు ఊరంతా వేసింది. ఆకు కోసి, దండలు గుచ్చి, పందిళ్ళ మీద ఆరబెట్టి, చెక్కులు (ఆకు కట్టలు) కట్టి వసారాలో పేర్చేసరికి అవతల ఫోన్ ఎత్తే మనిషి లేడు.

ఒకరోజు నేను ఇంటి దగ్గరే ఉన్నాను. ఒకతను బండి మీద వచ్చాడు. ఆపాడు గానీ ఇంజన్ కట్టేయలేదు. పై చెక్కులోకి చెయ్యి పెట్టి ఒక ఆకు లాగి, రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, ఒక రేటు చెప్పాడు. కోత కూలికి కూడా చాలని రేటు. నాన్న "ఇవ్వను" అన్నాడు. అతను సరేనని బండి తిప్పుకున్నాడు. నాన్న ఆ బండి వెనకాలే గేటు దాకా నడిచాడు.

ఆ నడక నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. కౌలు కట్టాలి, ఎరువుల కొట్టు బాకీ తీర్చాలి, ఒక్క వాన పడితే చెక్కులు బూజు పడతాయి. ఇవన్నీ వెనక పెట్టుకుని అన్న మాట అది. తర్వాత ప్రభుత్వం తన మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించింది కాబట్టి ఏదో ఒడ్డున పడ్డాం. మిర్చి సంగతి మీ అందరికీ తెలిసిందే, ఆ ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని జోక్యం ధర ప్రకటించాల్సినంతగా పడిపోయింది.

మా మామయ్యది టంగుటూరు, వర్జీనియా వేస్తాడు. ఆయనకు బ్యారన్‌కి (ఆకు కాల్చి ఆరబెట్టే కొట్టం) లైసెన్సు, బ్యారన్‌కి ఇంత అని కోటా, దానికి మించి పండిస్తే జరిమానా. చిన్నప్పటి నుంచి ఆయన్ని చూసి పాపం కట్టేసిన ఎద్దులా బతుకుతున్నాడు అనుకునేవాణ్ణి. ఒకసారి ఆయనతో వేలం కేంద్రానికి వెళ్ళాను. రేటు నచ్చలేదు, "నాకొద్దు" అన్నాడు, బేలు పక్కకు జరిపారు. ఆయన ఎవరి వెనకాలా నడవలేదు. ఇంకో నలుగురు కూడా అదే మాట అన్నారు, కాసేపటికి అందరూ కలిసి వేలమే ఆపేశారు.

నా ప్రశ్న ఇది. ఎవరూ అడ్డు చెప్పని నాన్నకు లేని స్వేచ్ఛ, అన్నిటికీ పర్మిషన్ అడగాల్సిన మామయ్యకు ఎలా వచ్చింది? అలాగని ప్రతిదానికీ ఒక బోర్డు, ఒక సంఘం పెట్టి మనుషుల్ని దాంట్లో బిగించేయాలా? నేను ఊరు వదిలి బెజవాడ వచ్చిందే ఆ బిగింపు పడక. తెలిసినవాళ్ళు చెప్పండి.

యార్డు బాబాయ్, గుంటూరు:

అబ్బాయ్, నీ ప్రశ్నకు నా దగ్గర పుస్తకం సమాధానం లేదు. మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను, చూసింది చెబుతాను.

నేను చేరిన కొత్తల్లో బేరం తువ్వాల కింద జరిగేది. కమిషన్ షాపు ఆయన, కొనే ఆయన తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని రేటు మాట్లాడుకునేవాళ్ళు. రైతు పక్కనే నిలబడి ఉండేవాడు. కాయ ఆయనది, కల్లంలో రాత్రంతా కాపలా కాసింది ఆయన, రేటు మాత్రం ఆయనకు కనపడేది కాదు, ఆ తువ్వాల కదులుతుంటే దాని వంకే చూసేవాడు. ఆ రైతును కొట్టి తెచ్చినవాళ్ళు లేరు, తన ఇష్టంతోనే తెచ్చుకున్నాడు, తన ఇష్టంతోనే అమ్మాడు. కాగితం మీద చూస్తే పూర్తి స్వేచ్ఛ.

మన దగ్గర మార్కెట్లకు కట్టుబాటు అనేది ఊరికే రాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది, ఆ తర్వాత 1966లో మన రాష్ట్రానికి సొంత మార్కెట్ల చట్టం వచ్చింది. కాటా ఎవరు వేయాలి, దడవాయికి (తూకం వేసేవాడికి) లైసెన్సు ఉండాలి, తూకంలో ఎంత తీయొచ్చు ఎంత తీయకూడదు, ఇవన్నీ అందులోవే. అంతకుముందు ధర్మం పేరుతో కొంత, శాంపిల్ పేరుతో కొంత, గోనె సంచి పేరుతో కొంత రైతు నుంచి పోతూనే ఉండేది. 2016లో దేశమంతటికీ ఒకటే ఆన్‌లైన్ మార్కెట్ అని ఈ-నామ్ వచ్చాక రేటు కంప్యూటర్లో పెట్టడం మొదలైంది, ఫోనుకు మెసేజ్ కూడా వస్తుంది. తువ్వాల పోయింది, మంచిదే.

కానీ అసలు ముడి విప్పలేదు. విత్తనాలకు, పురుగు మందులకు, పిల్ల పెళ్ళికి రైతు డబ్బు తెచ్చుకునేది ఏ కమిషన్ షాపు నుంచో, ఆయన టిక్కీలు (మిర్చి బస్తాలు) ఆ షాపుకే దిగాలి. దేశంలో ఏ మూల ఉన్నవాడైనా కంప్యూటర్లో కొనొచ్చు, కానీ ఈ రైతు పక్క షాపుకు కూడా వెళ్ళలేడు. రేటు లేదని ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టుకుంటే ఏసీ అద్దె, రశీదు మీద తెచ్చిన అప్పుకు వడ్డీ, రెండూ నడుస్తూనే ఉంటాయి. మే నెలలో యార్డుకు సెలవులిస్తారు చూడు, ఆ ముందు వారం రైతుల ముఖాలు చూస్తే తెలుస్తుంది, ఆగగలిగినవాడు ఎవడో, ఆగలేనివాడు ఎవడో. కాయ ఒకటే, తేజా రకం అయితే తేజానే. ఆగగలిగినవాడికి వందో రెండొందలో ఎక్కువ వస్తుంది.

అందుకే యార్డు గోదాములో సరుకు పెట్టి దాని మీద అప్పు తీసుకునే రైతుబంధు పథకం మన మార్కెట్ కమిటీల్లో ఎప్పటి నుంచో ఉంది (తెలంగాణలో అదే పేరుతో నడిచిన రైతుబంధు వేరు, అది పెట్టుబడి సాయం). అది సరిగ్గా నడిచిన ఏడాది రైతు పది రోజులు ఆగగలిగేవాడు. మీ నాన్న గేటు దాకా నడిచాడన్నావే, ఆ పది రోజులు చేతిలో ఉంటే నడిచేవాడు కాదు.

ఒక్క బాధ మాత్రం చెప్పాలి. రైతు సరుకు మీద ఒక శాతం సెస్సుతో నడిచే కమిటీ ఇది. దాని పాలకవర్గాన్ని రైతు ఎన్నుకోడు, ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. ప్రభుత్వం మారితే పేర్లు మారతాయి. నా సర్వీసులో ఒక్క రైతు కూడా "ఇది నా యార్డు" అనడం వినలేదు.

ఆటోనగర్ వ్యాపారి:

మీరంతా యార్డును, బోర్డును మరీ ఎత్తేస్తున్నారు. నేను చిన్న స్పేర్ పార్ట్స్ షాపు పెట్టుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరిగానో నాకు తెలుసు. పర్మిషన్ ఇచ్చేవాడి చేతిలో పెన్ను ఉన్నంత కాలం వాడే రాజు. నాకు ఆటోనగర్‌లో బతుకు దొరికింది మార్కెట్ వల్లే, నా కులం ఏమిటని అడక్కుండా పార్టు బాగుందా లేదా అని చూసి కొన్న లారీ ఓనర్ల వల్లే. రేటు పడిపోయిందంటే అందరూ ఒకే పంట వేశారని అర్థం. ఆ కబురు చెప్పే ధరను మూసేసి జోక్యం ధర పెడితే, వచ్చే ఏడాది మళ్ళీ అదే వేస్తారు. కఠినంగా ఉందనుకోకండి, నేను నష్టపోయినప్పుడు నాకు ఎవరూ జోక్యం ధర ఇవ్వలేదు.

సింగ్‌నగర్ రైడర్:

అన్నా, పర్చూరు అన్నా, నీ పోస్టు నిన్న ఆర్డర్ కోసం బెంజి సర్కిల్ దగ్గర వెయిట్ చేస్తూ చదివాను, ఇంటికొచ్చాక మళ్ళీ చదివాను.

మా నాన్న వన్‌టౌన్‌లో ముఠా కార్మికుడు. నలభై ఏళ్ళు బస్తాలు మోశాడు. ముఠా అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నా, ఒక వీధిలో, ఒక మార్కెట్లో దిగే సరుకంతా ఆ ముఠా వాళ్ళే దించాలి, బయటివాళ్ళు చెయ్యి వేయకూడదు. బస్తాకు ఇంత అని యూనియన్ వాళ్ళు వ్యాపారులతో కూర్చుని రేటు ఖాయం చేస్తారు. వచ్చింది మేస్త్రి రాత్రికి అందరికీ సమానంగా పంచుతాడు, ఆ రోజు నాన్న పది బస్తాలు తక్కువ మోసినా వాటా తగ్గదు. ఒకసారి నడుం పట్టేసి నెల్లాళ్ళు మంచం మీద ఉంటే మేస్త్రి వారం వారం ఇంటికొచ్చి అమ్మ చేతిలో డబ్బులు పెట్టి వెళ్ళేవాడు.

మరి నేనెందుకు అందులోకి వెళ్ళలేదు అంటారా. నాన్న చోటు నాకు వచ్చేది, చాలామందికి అలాగే వస్తుంది. కానీ ఆ చోటు వచ్చేది నేను ఆయన కొడుకుని కాబట్టి. మా సందులోనే నాకన్నా గట్టి కుర్రాడు ఉన్నాడు, వాళ్ళ నాన్న ముఠాలో లేడు, వాడికి రాదు. పైగా మేస్త్రి మాటే మాట, ఎదురు చెప్పినవాణ్ణి ఒక మూలకు నెట్టేస్తారు. నాకు అది ఊపిరాడని పని అనిపించింది. బండి కొనుక్కుని డెలివరీలో చేరాను. నీకు నువ్వే బాస్, నచ్చినప్పుడు లాగిన్, నచ్చినప్పుడు లాగౌట్ అన్నారు. మొదటి ఆర్నెల్లు నిజంగానే గాల్లో తేలినట్టు ఉంది, అబద్ధం చెప్పను.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్ మీద పడ్డాయి కదా. మా ఇంట్లో నడుం లోతు నీళ్ళు. బండి మునిగింది, ఫోన్ తడిసింది. నీళ్ళు తీసి, బండి బాగుచేయించి మళ్ళీ లాగిన్ అయ్యేసరికి రోజులు పట్టింది. లాగిన్ అయితే యాప్‌లో నా ఐడీ రేటింగ్ కిందికి పోయింది, ఆర్డర్లు సరిగ్గా పడటం లేదు. ఎవరిని అడగాలి? యాప్‌లో చాట్ ఓపెన్ చేస్తే ఒకటే మెసేజ్ మళ్ళీ మళ్ళీ వస్తుంది. నాకు వరద వచ్చిందని చెప్పుకోవడానికి ఒక మనిషి ముఖం లేదు అన్నా. అదే వీధిలో నాన్న ముఠా వాళ్ళు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి బియ్యం, ఒక గ్యాస్ స్టవ్వు ఇచ్చి వెళ్ళారు, నాన్న పని మానేసి అప్పటికి రెండేళ్ళు.

మేం రైడర్లం కూడా ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఎవరికైనా యాక్సిడెంట్ అయితే తలా యాభై వేసుకుంటాం. కానీ కంపెనీతో మాట్లాడాలంటే మాది ఒకే చోటు కాదు, ఒకే టైం కాదు. పర్చూరు అన్న మామయ్య వాళ్ళు వేలం ఆపగలిగారంటే అందరూ ఒకే కప్పు కింద ఉన్నారు కాబట్టి. మేం లాగౌట్ అయితే ఇంకొకడు లాగిన్ అవుతాడు.

చట్టం వచ్చిందని విన్నాను, దాని గురించి తెలిసినవాళ్ళు చెబితే బాగుంటుంది.

తెనాలి లెక్చరర్:

రైడర్ తమ్ముడికి ముందు. 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ వర్కర్ (ఉద్యోగి కాకుండా పనికి ఇంతని తీసుకునేవాళ్ళు), ప్లాట్‌ఫామ్ వర్కర్ (యాప్ ద్వారా పనిచేసేవాళ్ళు) అనే మాటలు మొదటిసారి మన చట్టంలోకి వచ్చాయి. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. మీలాంటివాళ్ళతో పని చేయించుకునే కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం సంక్షేమ నిధికి కట్టాలి, అయితే వర్కర్లకు చెల్లించే మొత్తంలో ఐదు శాతం దాటక్కర్లేదు. కేంద్రం వాళ్ళ కార్మికుల పోర్టల్ ఈ-శ్రమ్‌లో నమోదు చేసుకుని లేకపోతే వెంటనే చేసుకోండి. కానీ మీరు చెప్పిన అసలు బాధ, కారణం చెప్పకుండా ఐడీ కిందికి తోసేయడం, దానికి నిధి ఒక్కటే మందు కాదు. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో వేరే చట్టాలు చేసుకున్నాయి, కర్ణాటక చట్టంలో తొలగించే ముందు నోటీసు, కారణం ఉండాలన్న నియమం ఉంది. మనకూ అలాంటిది కావాలని అడగాలి.

ఇప్పుడు పెద్ద ప్రశ్న. ఆటోనగర్ మిత్రుడు చెప్పింది కొట్టిపారేయదగ్గది కాదు. ధర అంటే కబురు అన్న వాదన ఆర్థికవేత్త హయెక్‌ది, ఏ బోర్డూ, ఏ అధికారీ కోట్ల మంది అవసరాలను ముందే లెక్కగట్టలేడు, ఆ పని ధర చేస్తుంది అంటాడు. నాకు అది నిజమే అనిపిస్తుంది. కానీ హయెక్ ఆ వాదన 1945లో అచ్చు వేయడానికి ఏడాది ముందే, 1944లో, కార్ల్ పొలానీ అనే హంగరీ ఆయన ఇంకో సంగతి పట్టుకున్నాడు. సంతలు ఎప్పుడూ ఉన్నాయి. మన కొత్తదనం ఏమిటంటే భూమిని, మనిషి శ్రమను, డబ్బును కూడా మామూలు సరుకులాగా సంతలో పెట్టాం. ఈ మూడూ అమ్మకం కోసం తయారైనవి కావు. మిరపకాయకు గిరాకీ లేకపోతే ఏసీలో పెట్టొచ్చు. మనిషిని ఏసీలో పెట్టలేం కదా, రేటు వచ్చేదాకా ఆకలి ఆగదు. యార్డు బాబాయ్ గారు చెప్పిన ఆ ‘ఆగగలగడం’ దగ్గరే మొత్తం తేడా ఉంది. కొనేవాడు ఆగగలడు, అమ్మేవాడు ఆగలేడు. అందుకనే మార్కెట్ ఎక్కడ విస్తరిస్తే అక్కడ వెనకాలే యూనియన్లు, సహకార సంఘాలు, పని గంటల చట్టాలు, పింఛన్లు పుట్టుకొచ్చాయి అంటాడాయన. వాటిని మార్కెట్‌కు అడ్డు అనుకోవడం పొరపాటు. అవి లేకపోతే మనుషులు మార్కెట్‌నే భరించలేరు.

బీహార్ 2006లో మార్కెట్ కమిటీల చట్టాన్ని ఎత్తేసింది. సెస్సు పోయింది, లైసెన్సు పోయింది. ప్రైవేటు మార్కెట్లు వచ్చి పోటీ పెరుగుతుంది అనుకున్నది జరగలేదు, అక్కడి చిన్న రైతులు ఊళ్ళోకి వచ్చే వ్యాపారి చెప్పిన రేటుకే ధాన్యం అమ్ముకుంటున్నారని ఏళ్ళ తరబడి వింటున్నాం. పర్చూరు తమ్ముడి నాన్నగారు 2020లో చెప్పింది ఒక్క ముక్కలో ఇదే.

స్వేచ్ఛ అనే మాట కింద రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయని ఇసయ్య బెర్లిన్ అనే తత్వవేత్త 1958లో ఆక్స్‌ఫర్డ్ ప్రసంగంలో విడదీశాడు. నాకు ఎవరూ అడ్డం రాకపోవడం ఒకటి, నా బతుకు నా చేతిలో ఉండటం ఇంకొకటి. రెండో దాని పేరు చెప్పి పాలకులు మనుషుల్ని అణిచేస్తారని ఆయన భయం, ఆ భయం ఉత్తదేం కాదని ఇరవయ్యో శతాబ్దం చూపించింది. మరీ తరగతి గదిలా అయిపోయింది, క్షమించండి, ఇక్కడ ఆపుతాను.

కృష్ణలంక సుజాత:

నేను ఈ పోస్టు మొదటి నుంచీ చదువుతున్నాను. అందరూ సంఘం గురించి, కప్పు గురించి మాట్లాడుతున్నారు. ఆ కప్పు కింద నుంచి పారిపోయి వచ్చిన మనిషిని నేను, నా మాట కూడా వినండి.

మా ఊళ్ళో నాన్న పోయినప్పుడు ఊరంతా వచ్చింది. పాడె మోసింది వాళ్ళే, పదకొండు రోజులు వండిపెట్టింది వాళ్ళే. నేను వేరే కులం అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు మా అమ్మను బావి దగ్గర పలకరించడం మానేసింది కూడా వాళ్ళే. ఒకే చెయ్యి. అన్నం పెట్టిన చెయ్యి వేరు, గెంటిన చెయ్యి వేరు అనుకుంటే కుదరదు.

నాకు దారి చూపించింది జీతం. బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్, రోజుకు పది గంటలు నిలబడాలి, కూర్చోవడానికి స్టూలు ఇచ్చేవాళ్ళు కాదు. అయినా నెల మొదట్లో ఆ కవరు చేతిలో పడితే నా గది అద్దె నేను కట్టుకున్నాను, నా సెల్లు నేను రీచార్జ్ చేసుకున్నాను. ఆటోనగర్ అన్నయ్య చెప్పినట్టు ఆ కౌంటర్ దగ్గర నా కులం ఎవరూ అడగలేదు. కులం అంటే పనుల విభజన కాదు, పనిచేసే మనుషుల విభజన అని అంబేడ్కర్ గారు అన్నారు, ఆ మాట నాకు పుస్తకంలో చదివితే కాదు, ఆ కవరు పట్టుకున్నప్పుడు అర్థమైంది. కాబట్టి మార్కెట్ ఏమీ ఇవ్వలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కానీ జీతం నన్ను ఊరి నుంచి బయటకు తెచ్చింది గానీ పెళ్ళి దాకా తీసుకెళ్ళలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అప్లై చేస్తే ముప్పై రోజుల నోటీసు. ఆ కాగితం ఆఫీసు బోర్డు మీద అంటించి ఉంటుంది, మా ఇద్దరి పేర్లు, అడ్రసులు. నాలుగో రోజుకే మా పెదనాన్న కొడుకులు దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని మా గది కిందికి వచ్చారు. ఆ నెల రోజులు నన్ను కాపాడింది ఎవరంటే, ఇద్దరు లాయర్లు, ఒక మహిళా సంఘం, నాతోపాటు కౌంటర్లో నిలబడే అమ్మాయిలు. రోజూ రాత్రి ముగ్గురు నన్ను గది దాకా దింపి వెళ్ళేవాళ్ళు. ఇదే ఊళ్ళో పటమటలో గోరా గారి నాస్తిక కేంద్రం 1947 నుంచి ఉంది, కులాంతర వివాహాలు జరిపించి ఆ జంటల పక్కన నిలబడింది. కులం అనే సంస్థను ఎదిరించడానికి కూడా ఇంకో సంస్థ కావాల్సి వచ్చింది చూడండి, ఒంటరి మనిషి జీతం సరిపోలేదు.

అలాగని సంఘం అని పేరు పెట్టగానే మంచిదైపోదు. మా అత్తగారు పొదుపు సంఘంలో ఉన్నారు. పొదుపు చేసుకున్న రోజుల్లో అది ఆవిడకు పుట్టిల్లులా ఉండేది, బ్యాంకు మేనేజర్ ముందు కుర్చీలో కూర్చోవడం అక్కడే నేర్చుకున్నానంటారు. తర్వాత మైక్రో ఫైనాన్స్ వాళ్ళు వచ్చి అదే పద్ధతిలో గ్రూపులు కట్టి అప్పులిచ్చారు. ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిది మంది ఆవిడ గుమ్మం ముందు కూర్చోవాలి. పక్కింటి స్నేహితురాలి చేతే పక్కింటి ఆవిడ పరువు తీయించారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా అదే నడిచింది. రెండూ గ్రూపులే, రెండింట్లోనూ పదేసి మంది ఆడవాళ్ళే. మొదటి దాంట్లో వాళ్ళు కూర్చుని తీర్మానం రాసుకునేవాళ్ళు, రెండో దాంట్లో ఎవరో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసేవాళ్ళు.

అందుకే పర్చూరు తమ్ముడూ, బోర్డు ఉండాలా వద్దా అని అడిగావు, నేనైతే వేరే విషయం అడుగుతాను. అందులో ఉన్న మనిషి లేచి "ఇది తప్పు" అంటే ఆ మనిషికి ఏమవుతుంది? రేపు బయటికి వెళ్ళిపోతానంటే వెళ్ళనిస్తారా, వెళ్ళాక బతకనిస్తారా? మా ఊరి దగ్గర రెండింటికీ జవాబు లేదు. రైడర్ తమ్ముడి నాన్నగారి ముఠాలో సగం ఉంది. ఆ యాప్‌లో వెళ్ళిపోవచ్చు గానీ, తప్పు అని చెప్పడానికి ఎదురుగా మనిషే లేడు.

పర్చూరు కుర్రాడు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. సుజాత అక్కా, మీ పోస్టు అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఆ పిల్లకు ఇప్పుడు వాళ్ళమ్మతో మాటలున్నాయా?" అని అడిగింది.

నేను ఇన్నాళ్ళూ ఊరి కట్టుబాటునూ, పొగాకు బోర్డునూ, యూనియన్‌నూ ఒకే గాటన కట్టేశాను, అన్నీ మనిషిని పట్టి ఉంచేవే అని. ఆటోనగర్ అన్నా, మీరన్నది కాదనను, ఊరంతా ఒకే పంట వేసిన తప్పు మాదే. కానీ ధర ఆ కబురు చెప్పింది చెక్కులు కట్టాక. మామయ్యకు ఎంత వేయాలో నారు పోయకముందే తెలుసు, ఎందుకంటే బోర్డు ప్రతి ఏడాదీ పంట ఎంత ఉండాలో ముందే నిర్ణయిస్తుంది. అది కూడా కబురే కదా.

ఇంకో సంగతి. మా మూడెకరాల కౌలుకు మాకు సాగుదారు హక్కు కార్డు లేదు. 2019 చట్టం ప్రకారం పదకొండు నెలలకు ఇస్తారు, కానీ భూమి ఓనర్ సంతకం పెట్టాలి, ఆయన పెట్టలేదు. కార్డు లేదు కాబట్టి బ్యాంకు లేదు, బ్యాంకు లేదు కాబట్టి ఎరువుల కొట్టు అప్పు, ఆ అప్పు వల్లే ఆగలేకపోవడం. బాబాయ్ చెప్పిన ముడి మా ఇంట్లో ఇలా పడిందని నిన్ననే కూర్చుని లెక్క రాశాను.

యార్డు బాబాయ్ గారూ, మా ఊళ్ళో ఒక పదిహేను మంది కలిసి సరుకు ఒకేచోట పెట్టి ఒకేసారి అమ్మాలంటే ఏం చేయాలి?

యార్డు బాబాయ్, గుంటూరు:

రెండు దారులున్నాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘం పెట్టుకోవచ్చు, అందులో ప్రభుత్వం చెయ్యి తక్కువ, పాలకవర్గాన్ని మీరే ఎన్నుకుంటారు. లేదా కంపెనీల చట్టం కింద రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు, పది మంది రైతులు ఉంటే చాలు. ఏదైనా సరే మొదటి ఏడాది అమ్మకాల జోలికి పోకండి. ముందు తలా కొంత వేసుకుని అత్యవసరానికి అప్పు ఇచ్చుకోవడం నేర్చుకోండి, లెక్క అందరి ముందూ గట్టిగా చదవండి. సంఘాలు పోయేది రేటు దగ్గర కాదు అబ్బాయ్, లెక్క దగ్గర. గుంటూరు వస్తే ఫోన్ చెయ్, గోదాము అప్పు కాగితాలు ఎలా ఉంటాయో చూపిస్తాను.

కృష్ణలంక సుజాత:

ఆ పదిహేను మందిలో ఆడవాళ్ళు ఎందరు? కౌలు వాళ్ళు ఎందరు?

(మీ అమ్మగారికి చెప్పండి, మాటలున్నాయని. పాప పుట్టాక అమ్మే వచ్చింది.)

పర్చూరు కుర్రాడు:

కౌలు వాళ్ళు ఆరుగురు, అక్కా. ఆడవాళ్ళు, నేను రాసిన లిస్టులో ఒక్కరూ లేరు. మీరు అడిగేదాకా నాకు తట్టలేదు. అమ్మకు చెబితే "దండలు గుచ్చింది మేమే కదా" అంది. ఆదివారం మీటింగు మా వసారాలోనే, అమ్మ, పక్కింటి ఇద్దరు పిన్నులు వస్తామన్నారు. రైడర్ తమ్ముడూ, ముఠాలో మేస్త్రి రాత్రికి లెక్క ఎలా పంచేవాడో మీ నాన్నగారిని అడిగి వివరంగా రాస్తావా? ఆదివారం లోపు కావాలి.